ముల్లు ఎక్కని కారు

బండి వేడెక్కిపోతోందని మెకానిక్‌ను పిలిచేవాళ్ళకు మా సీమలో కొదవ లేదు. బండి వేడెక్కడం లేదని పిలిచిన ఇల్లు మాత్రం నా సర్వీసు మొత్తంలో ఒక్కటే. ఇప్పుడు షెడ్డుల్లో పనిచేస్తున్నవాళ్ళు ఎదురుపడితే ఆ ఇంటి సంగతి చెప్పమంటారు. వాళ్ళకు కావలసింది అందులోని దయ్యం. నేను చెప్పాలనుకునేది థర్మోస్టాట్. రెండింటినీ విడదీసి చెప్పడం నాకు ఇంతవరకు చేతకాలేదు. అందుకని జరిగింది జరిగినట్టే చెబుతాను.

నా ఇల్లు హిందూపురంలో. పనిచేసిన షెడ్డు పెనుకొండ దగ్గర హైవే పక్కన. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఇక మీ పని అయిపోయిందని అందరూ మమ్మల్ని ఓదార్చారు. అవ్వలేదు. కొత్త కార్లన్నీ అద్దాల సర్వీసు సెంటర్లకు పోయేవి. అక్కడ ఎవరూ ముట్టుకోని ముసలి కార్లన్నీ మా దగ్గరికి చేరేవి. ఒక రకంగా మాది కార్ల వృద్ధాశ్రమం.

షెడ్డులో నాకు జోడీ ఒకాయన ఉండేవాడు. అగళి వైపు మనిషి, నాకంటే కాస్త పెద్ద. తిట్టాలంటే కన్నడం, లెక్క చెప్పాలంటే తెలుగు. జాకీ మీద ఎత్తిన లారీ కింద పడుకుని గురకపెట్టగలిగినవాడు. ఆయనకు భయమనేది ఉంటుందని ఆ చలికాలం దాకా నాకు తెలియదు.

ఫోను ధర్మవరం నుంచి వచ్చింది. చేనేత ఇల్లు. మాట్లాడినవాడు ఆ ఇంటి కొడుకు.

"అన్నా, కారు టెంపరేచర్ ముల్లు లేయడంలా. ఎంతసేపు స్టార్ట్ చేసి పెట్టినా కిందనే పడి ఉండాది."

"షెడ్డుకు తీసుకురాప్పా, చూద్దాం."

"తీసుకురాలేమన్నా. అది మా నాయన కారు. నాయన పోయి ఇంగా ఏడాది కాలా. సంవత్సరీకం అయ్యేదాకా బండి గడప దాటగూడదని మాయమ్మ పట్టు పట్టింది. మీరే ఇంటికి రావాల."

ఎవరూ నడపని కారుకు ముల్లు లేస్తే ఎంత, లేవకపోతే ఎంత అనిపించింది. అదే అడిగాను. ఆ అబ్బాయి చెప్పాడు. తండ్రి మంచంలో ఉన్నప్పుడు ఒక మాట అన్నాడట. బండిని రోజూ పొద్దున్నే స్టార్ట్ చెయ్యి, ముల్లు మధ్యకు వచ్చినాకనే చోక్ లోపలికి తోసి ఆపు అని. కొడుకు ఆ మాట తప్పకుండా రోజూ స్టార్ట్ చేస్తున్నాడు. ముల్లు మాత్రం ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి మధ్యకు రావడం లేదు.

ఈ పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. చోక్ అంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ పోయేట్టు లాగే పిడి. ఇంజిన్‌లోని నీళ్ళు రేడియేటర్‌కు పోయే దారిలో ఉండే చిన్న తలుపు ఈ థర్మోస్టాట్. ఇంజిన్ చల్లగా ఉంటే మూసుకుని ఉంటుంది, వేడెక్కాక తెరుచుకుంటుంది. మూసుకుని బిగుసుకుపోతే బండి ఉడికిపోతుంది. తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజిన్‌కు వెచ్చదనమే పట్టదు. మొదటి రోగానికి అందరూ పరుగెత్తుకొస్తారు. రెండోదాన్ని ఎవరూ రోగం కింద లెక్కెయ్యరు. కొంచెం పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే కదా అనుకుంటారు. మేమూ అట్లాగే అనుకునేవాళ్ళం.

మొదట మా జోడీ ఆయనే ధర్మవరం పోయాడు. చూసి, సామాను ఏం కావాలో రాసుకొచ్చి, మళ్ళీ పోయి బిగించాలని. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి షెడ్డు ముందర బెంచీ మీద కూలబడ్డాడు. తలను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"థర్మోస్టాటే పొయింది. మార్చాల," అన్నాడు. "నువ్వు పో. నేను ఇంగ ఆ ఇంట్లో కాలు పెట్టను."

"ఏమైంది?"

"బండి ఆన్ చేసి పెట్టి కిందికి దూరినా, నీళ్ళు ఎక్కడన్నా కారుతాండాయేమో చూద్దామని. పది నంబర్ స్పానర్ కోసం చెయ్యి బయటికి చాపినా. చేతిలో పెట్టినారు."

"ఎవరు?"

"ఆ పిల్లోడే అనుకున్నా. పని చూసుకుని బయటికొచ్చి చూస్తే ఎవరూ లేరు. పిల్లోడు లోపల మగ్గంలో ఉండాడు. నేను తెచ్చిన స్పానర్ల సంచి యాడుండాదో తెలుసా? నా స్కూటర్ మీద. వీధిలో. నేను ఇంట్లోకి తీసుకుపోనే లేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం టీ కూడా తాగలేదు. వాంతి వచ్చేట్టు ఉందని ముందుగానే ఇంటికి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు హిందూపురంలో పాత సామాన్ల షాపులో ఆ మోడల్ థర్మోస్టాట్, దాని ప్యాకింగ్ దొరకబుచ్చుకుని నేను ధర్మవరం బయలుదేరాను. ఆ వీధిలో ప్రతి ఇంటి నుంచీ మగ్గాల చప్పుడు వస్తోంది. నేను వెతుక్కుంటున్న ఇంటి నుంచి మాత్రం దించిన షట్టర్ వెనక ఇంజిన్ మోత వినబడుతోంది. మెకానిక్ వస్తున్నాడని ముందే స్టార్ట్ చేసి పెట్టారు.

తలుపు తీసింది ఇంటి పెద్దామె, చనిపోయినాయన భార్య. చేతిలో సాంబ్రాణి పళ్ళెం. ఇల్లంతా ఆ పొగే, కళ్ళు మండేంత.

"నిన్న వచ్చినాయప్ప ఎందుకు రాలా?" అని అడిగింది.

"ఒంట్లో బాగలేదక్కా."

"భయపడినాడా?" అని ఆమె చిన్నగా నవ్వింది. "మేము భయపడం. మా ఆయప్పే కదా."

ఇల్లు పొడుగ్గా ఉంది. ముందు వసారా, దాని పక్కనే కారు పెట్టిన గది, ఆ గది వెనక గోడకు ఆనుకుని మగ్గాల గది. రెండు మగ్గాలు. ఒకదాని గుంతలో కొడుకు కూర్చుని నేస్తున్నాడు. రెండోది తండ్రిది. సగం నేసిన చీర దాని మీద అట్లాగే ఉంది. రెండు మగ్గాల మధ్య దూలానికి చీర ఉయ్యాల. అందులో ఇంకా కూర్చోవడం కూడా రాని పాప, కొడుకు బిడ్డ.

"ముందంతా ఒకటే ఏడుపు దీనిది," అంది పెద్దామె ఉయ్యాల అంచు సర్దుతూ. "ఇప్పుడు పొద్దున ఏస్తే మధ్యాహ్నందాకా కదలదు. తాత ఊపుతాడు కదా."

కొడుకు వైపు చూశాను. అతను తల ఎత్తకుండానే చెప్పాడు. "నాయన మగ్గం ఇనిపిస్తాదన్నా. నేను ఆపినా కూడా ఆడ నడుస్తాంటాది."

నాకు దయ్యాల మీద గట్టి అభిప్రాయమేమీ లేదు. ఆ మాట అన్న గొంతులో భయం గానీ గొప్ప గానీ లేకపోవడం మాత్రం వింతగా తోచింది. నిద్రలో మాట్లాడేవాడి గొంతులాగా ఉంది.

కారు గదిలోకి పోయాను. ఒకటే బల్బు. షట్టర్ పూర్తిగా దించి తాళం వేసి ఉంది. ఎత్తమన్నాను. పెద్దామె ఒప్పుకోలేదు. వీధి దుమ్మంతా పట్టు మీద పడుతుంది అంది. చచ్చినోడి కారు రోజూ అరుస్తాండాదని ఇరుగుపొరుగు నోరు చేసుకుంటున్నారు అంది. సరే, పెద్ద పని కాదు కదా అనుకున్నాను. మన పనిలో తప్పులన్నీ ఈ మాటతోనే మొదలవుతాయి.

డ్రైవర్ సీట్లో కూర్చుని ముల్లు చూశాను. చోక్ పూర్తిగా లాగి ఉంది. ముల్లు అడుగున పడి ఉంది. కాస్త ఓపిక పట్టి చూద్దామని అట్లాగే కూర్చున్నాను. ఒక మనిషి బయట నిలబడి ముందు అద్దం తుడుస్తున్నాడు. గుడ్డతో, గుండ్రంగా, తొందర లేకుండా. మొహం కనబడలేదు, చెయ్యి మాత్రం కనబడుతోంది. కొడుకు వచ్చి తుడుస్తున్నాడనుకున్నాను. బాగా తుడుస్తున్నాడు, తుడవనీ అనుకున్నాను. ఎంత హాయిగా ఉందంటే, లేచి పని మొదలుపెట్టాలన్న ధ్యాసే లేదు.

కోడలు వచ్చి పిలిచింది. "అన్నా, మజ్జిగ తెచ్చినా. బయట తాగుదురు రాండి."

ఇంజిన్ ఆపి దిగాను. అద్దం ముందర ఎవరూ లేరు. అద్దం మీద దుమ్ము అట్లాగే ఉంది. పక్క గదిలో కొడుకు మగ్గం ఆగకుండా ఆడుతూనే ఉంది.

అప్పుడు భయపడలేదు. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

వెనక వాకిట్లో గాలికి కూర్చుని మజ్జిగ తాగితే తల కొంచెం తేలికపడింది. కోడలు పొయ్యి దగ్గర నిలబడి మెల్లగా చెప్పింది. "మా అత్తకు చెప్పగాకండి. నాకు ఆ రూములో కూర్చుంటే తలనొప్పన్నా. దారం కండెలు కూడా ఈడనే చుట్టుకుంటాండా. మామ నన్ను రానీయడంలేదని అంటాది మా అత్త. ఆయప్పకు నేనంటే గిట్టేది కాదులే."

ఇంజిన్ పెద్ద వేడిగా లేదు కాబట్టి వెంటనే పని పట్టుకున్నాను. నీళ్ళు దించి, పై హోస్ పైపు ఊడదీసి, బోల్టులు విప్పి పాతదాన్ని బయటికి తీశాను. తుప్పు పట్టి, నోరు తెరుచుకుని బిగుసుకుపోయింది. కొత్తదాన్ని బిగించే ముందు పరీక్ష చెయ్యడం నా అలవాటు. కోడలిని అడిగి గిన్నెడు నీళ్ళు కాగబెట్టించాను. కొత్తదాన్ని అందులో వేస్తే, నీళ్ళు మరిగే ముందు అది మెల్లగా నోరు తెరిచింది. తీసి చన్నీళ్ళలో వేస్తే మూసుకుంది. పాతది రెండింట్లోనూ ఒకే తీరుగా ఉంది. పెద్దామె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇది నోరు మూయదా ఇంగ?"

"మూయదక్కా. చచ్చిపోయింది."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "పోయేటప్పుడు ఆయప్ప నోరు కూడా ఇట్లనే ఉండింది," అంది.

దాన్ని ఆమె చేతిలోనే వదిలి లోపలికి పోయాను. పాత ప్యాకింగ్ గీకి, కొత్తది బిగించి, నీళ్ళు పోసి, రేడియేటర్ మూత తీసిపెట్టి స్టార్ట్ చేశాను. పైపుల్లో ఇరుక్కున్న గాలి పోవాలంటే కాసేపు నడవాలి. చూస్తుండగానే ముల్లు కదిలింది. కొంచెం లేచింది. ఇంకొంచెం లేచింది. ఇన్నాళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఒక వస్తువైనా మామూలుగా నడుచుకుంటోందని నాకు సంతోషం వేసింది. మధ్యకు వచ్చింది. చోక్ లోపలికి తోసేశాను. మూత పెట్టే ముందు బుడగలు ఆగాలని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాళ్ళు బరువుగా ఉన్నాయి.

అప్పుడు కనబడింది ఆ మరక. సైలెన్సర్ ఉన్న వైపు గోడ మీద అడుగు నుంచి నల్లటి మసి చార. పొయ్యి మీది గోడకు పట్టినట్టు. అది పైకి పాకి, మగ్గాల గదికి వెలుతురు కోసం పెట్టిన గవాక్షిలోకి దూరిపోయింది. పొగ ఎటు పోతోందో గోడే గీత గీసి చూపిస్తోంది. రోజూ గంటల తరబడి, చోక్ లాగిపెట్టి, షట్టర్ మూసి, ముల్లు లేచేదాకా. ఆ ముల్లు లేచేది కాదు.

వెనక బంపర్ మీద కాలు పెట్టి ఎక్కి గవాక్షిలోకి చూశాను. మొదట పిచ్చుక గూడు తగిలింది. అందులో పిచ్చుకలు ఉన్నాయి. ఎండిపోయి ఉన్నాయి. వాటి మీదుగా మగ్గాల గది కనబడింది. కొడుకు మగ్గం మీదికి వంగి, నేసిన బట్ట మీద నుదురు ఆనించి ఉన్నాడు. చేతులు వేలాడుతున్నాయి. పెద్దామె నేల మీద కూర్చుని ఖాళీ మగ్గం వైపు చూస్తూ నవ్వుతోంది. ఉయ్యాల కదలడం లేదు.

"అక్కా!" అని అరిచాను.

ఆమె తల తిప్పి, పైన గవాక్షిలో ఉన్న నన్ను చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. "గమ్మునుండప్పా. నేస్తాండాడు."

ఇంజిన్ ఎట్లా ఆపానో, వసారా చుట్టి ఆ గదిలోకి ఎట్లా వచ్చానో గుర్తు లేదు. మోకాళ్ళ మీద పాకినట్టు ఒక జ్ఞాపకం ఉంది. ఉయ్యాలలోంచి పాపను తీశాను. తడి గుడ్డ ఎత్తినట్టు ఉంది. మెడ నిలబడలేదు. వీధిలోకి పరుగెత్తి కేకలు పెట్టాను. కోడలు వెనక నుంచి వచ్చి, నా చేతుల్లో బిడ్డను చూసి పెట్టిన అరుపు ఆ వీధిలో మగ్గాలన్నింటినీ ఆపింది. ఇరుగుపొరుగు వచ్చి కొడుకును మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. ఎవరో గడ్డపారతో షట్టర్ తాళం పగలగొట్టారు. పెద్దామె రానంటే రానంది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని తేవలసి వచ్చింది.

ఆటోలో ఆసుపత్రికి పోయేదాకా ఆ పాప ఊపిరి తీస్తోందో లేదో నాకు తెలియదు. కోడలు బిడ్డ ముక్కు దగ్గర తన చెంప పెట్టుకుని కూర్చుంది.

బండి పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుందని, కొంచెం కొంచెంగా పీలిస్తే తలనొప్పి, మత్తు, లేనివి కనబడడం, వినబడడం, ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం పోవడం జరుగుతుందని డాక్టరు చెప్పింది. పెట్రోలు వాసన ఉన్నా సాంబ్రాణి దాన్ని కప్పేసింది. కొడుకుకు, పాపకు ఆక్సిజన్ పెట్టారు. కొడుకు త్వరగానే తేరుకున్నాడు. పాప కోసం సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాం. చివరికి లోపలి నుంచి ఏడుపు వినబడింది. కోపంగా, గుక్కపట్టి, ఆకలి మీద ఉన్న బిడ్డ ఏడ్చే ఏడుపు. కోడలు తలను గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. నేను బయటికి పోయి కొళాయి కింద తల పెట్టాను.

షెడ్డుకు పోయి మా జోడీ ఆయనకు అంతా చెప్పాను. దయ్యం లేదు, పొగ అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"సరే. పొగ వల్ల తలనొప్పి వచ్చింది. పొగ వల్ల లేనోళ్ళు కనబడినారు. ఒప్పుకుంటా," అన్నాడు. "పొగ స్పానర్ తెచ్చి ఇస్తాదేమబ్బా?"

"నువ్వే తీసుకుపోయి మర్చిపోయి ఉంటావు."

"ఉంటానేమో," అన్నాడు. నా మొహం చూస్తూ, "నీకేం కనబడింది?" అని అడిగాడు. అద్దం తుడిచిన చెయ్యి సంగతి చెప్పాను. మళ్ళీ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఈ పని చేస్తున్న చిన్నవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ఇంటికి పోయి బండి చూడాల్సి వస్తే, బానెట్ ఎత్తే ముందు షట్టర్ ఎత్తండి. దయ్యం ఉందో లేదో ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

అసలు కథ అక్కడితో అయిపోవాలి. అవ్వలేదు.

కొన్నాళ్ళ తర్వాత నీళ్ళ మట్టం చూడడానికి మళ్ళీ ఆ ఇంటికి పోయాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. గవాక్షిని ఇటుకలతో మూసేశారు. కొడుకూ కోడలూ బిడ్డను తీసుకుని ఆసుపత్రికి చూపించుకోవడానికి పోయారు. పెద్దామె ఒక్కతే ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది.

నేను పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా. ఆ పొగ వల్లనే ఆయప్ప కనబడినాడని అందరూ చెప్తాండారు."

"అవునక్కా."

"ఆ పొద్దు నుంచి ఒక్కసారి కూడా రాలా." ఆమె షట్టర్ వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది. "ఇప్పుడు ఇంట్లో బిడ్డ లేదు. ఎవరూ లేరు. నేనొక్కదాన్నే. షట్టర్ దించి బండి స్టార్ట్ చేసి పెట్టిపో. మళ్ళీ నేనే ఆపుకుంటా. ఎట్ల ఆపేదో చెప్పు, చాలు."

ఆ మాట ఎంత మామూలుగా అడిగిందంటే, ఎండు మిరపకాయలు అడిగినట్టు. ఆ గదిలో నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

వద్దని చెప్పవచ్చు. చెబితే నేను పోయాక ఎవరినో అడుగుతుంది. బ్యాటరీ వైరు తీసేయవచ్చు. తీసినా, ఆయన దగ్గరికి పోవాలనుకున్న మనిషికి బావి ఉంది, ఊళ్ళో రైలు పట్టాలు ఉన్నాయి. నేను మెకానిక్‌ని, ఇలాంటివాటికి నాకేమీ తెలియదు. తెలిసింది ఒకటే. షట్టర్ పూర్తిగా పైకి ఎత్తేశాను. కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను.

"స్టార్ట్ చేస్తానక్కా. నువ్వు కూర్చో."

"సంవత్సరీకం కాలేదప్పా."

నేను తలుపు వదలలేదు. ఆమె చెప్పులు గది బయటే విడిచి, గుడిలోకి ఎక్కినట్టు ఎక్కి కూర్చుంది. నాలుగు అద్దాలూ దించి, బండిని వీధిలోకి తీశాను. పక్కింటివాళ్ళు అరుగుల మీదికి వచ్చి చూశారు.

ఊరు దాటాక అంది. "ఈ సీట్లో నేనెప్పుడూ కూర్చోలా. చీరల మూటలు పెట్టేవాడు."

చెన్నేకొత్తపల్లి దాకా గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకుని కూర్చుంది. రోడ్డు హైవేలో కలిసేచోట, బెంగుళూరు బస్సులు ఆగే తావులో, "ఈడ ఆపప్పా," అంది.

ఆపాను. కారు కొనకముందు ఆయన మూటలతో బస్సెక్కేది అక్కడే అని చెప్పింది. దిగింది. కారు చుట్టూ తిరిగి పోయి వెనక తలుపు తెరిచి పట్టుకుంది. మూటలతో ఉన్న మనిషి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అట్లాగే పట్టుకుని నిలబడింది. ఆ వైపు బండి కొంచెం పైకి లేచినట్టు నాకు అనిపించింది. అద్దాలన్నీ దించే ఉన్నాయి. గాలి బాగా వీస్తోంది. పొగ లేదు.

తలుపు మెల్లగా మూసి, వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"ఇంగ పోదాం. బిడ్డ వచ్చే యాళయింది," అంది.